ఓరుగల్లు కోట రక్షకుడు ఢిల్లీ వజీరైన వైనం

ఓరుగల్లు కోటను కాపాడిన తెలుగు సేనాని ఒకడు ఢిల్లీ సుల్తానుకు ప్రధానమంత్రి అయ్యాడంటే ఎవరికైనా నమ్మడం కష్టమే. కాని అది కట్టుకథ కాదు. హిందువుగా పుట్టి, కాకతి ప్రతాపరుద్రుని కొలువులో పేరు తెచ్చుకొని, రాజ్యం కూలిన తరువాత ఇస్లాం స్వీకరించి, మాలిక్ మక్బూల్‌గా, చివరికి ఖానే జహాన్‌గా ప్రసిద్ధికెక్కిన ఆ తెలుగువాడు గన్నమ నాయకుడు. తెలుగుదేశంలో పుట్టి ఇస్లాంలోకి వెళ్లిన తొలి తరం వారిలో ఇంత ఎత్తుకు ఎదిగినవాడు మరొకడు చరిత్రలో కనిపించడు.

మఠంపల్లి, హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల వారికి కాకతీయుల పేరు కొత్తది కాదు. ఏడువందల ఏండ్ల క్రితం కృష్ణ ఒడ్డు వరకు ఈ నేలంతా ఓరుగల్లు ఏలుబడిలోనిదే. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గుళ్లు కాకతీయుల సామంతులైన రేచెర్ల రెడ్లు కట్టించినవే. అలాగే హుజూర్, వజీరు, ఖజానా, వసూలు, బాకీ, జమాఖర్చు అనే మాటలు కూడా ఇక్కడ ఇంటింటి మాటలే. కృష్ణా మూసీ కలిసే వాడపల్లికి వజీరాబాద్ అని మరో పేరు ఉండనే ఉంది. ఒకవైపు గుడి శాసనాల లోకం, మరోవైపు ఫర్మానాల లోకం. ఒక్క జీవితకాలంలోనే మొదటి దానిలోంచి రెండవ దానిలోకి నడిచిపోయిన మనిషి గన్నమ నాయకుడు.

కోటకు కాపు

గన్నయ తండ్రి పేరు నాగయ. అందుకే అతడిని నాగయ గన్నయ అనీ, గన్న సేనాని అనీ పిలిచేవారు. ప్రతాపరుద్రుని కాలంలో అతడు కటకపాలకుడు. అంటే రాజధానికి, అందులోని కోటకు రక్షణ బాధ్యత వహించే అధికారి. బయట మట్టికోట, దాని చుట్టూ కందకం, లోపల రాతికోట, ఆ రాతికోటకు ఒక్కొక్క నాయకునికి ఒక్కొక్కటి చొప్పున అప్పగించిన బురుజులు. అంతటి కోటను చూసుకొనే పని ఎవరికి పడితే వారికి రాజు అప్పగించడు. గన్నయ మీద ప్రతాపరుద్రునికి ఎంత నమ్మకమో ఆ పదవే చెబుతుంది.

గన్నయ పేరు తెలుగు సాహిత్యంలో కూడా నిలిచి ఉంది. కవిబ్రహ్మ తిక్కన శిష్యుడైన మారన మహాకవి సంస్కృతంలోని మార్కండేయ పురాణాన్ని తెలుగు చేసి గన్న సేనానికి అంకితం ఇచ్చాడు. హరిశ్చంద్రుని కథ, ప్రవరుని కథ ఉన్న పురాణం అది. రెండువందల ఏండ్ల తరువాత అల్లసాని పెద్దన మనుచరిత్ర వ్రాయడానికి ఈ గ్రంథమే ఆధారమైంది. ఒక పురాణానికి కృతిభర్త కావడం ఆనాడు చిన్న గౌరవం కాదు. ఆ గౌరవం పొందిన గన్న సేనానియే తరువాత ఢిల్లీ వజీరు అయ్యాడని తెలుగు చరిత్ర పరిశోధకులు నిర్ణయించారు. పారసీ చరిత్రలో అతడి పాత పేరు కన్నూ అని కనిపిస్తుంది. గన్న అన్న మన పేరు పారసీ లిపిలో పడ్డ అవస్థ అది.

కూలిన రాజ్యం

ఢిల్లీ సేనలు ఓరుగల్లు మీదికి రావడం ఒక్కసారితో ఆగలేదు. 1309లో బయలుదేరి వచ్చిన మాలిక్ కాఫూర్ 1310లో అపార ధనం, ఏనుగులు, గుర్రాలు కప్పంగా తీసుకొని వెళ్లాడు. 1318లో మరో సేన వచ్చింది. 1321లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ స్వయంగా వచ్చి కోటను చుట్టుముట్టాడు. ఇతడే తరువాతి కాలంలో మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా పేరు మోసినవాడు. కోట పడిపోవచ్చిన దశలో, ఢిల్లీలో సుల్తాను చనిపోయాడన్న పుకారు ఒకటి శిబిరంలో పుట్టింది. అంతే, సర్దారులు తలో దారి పట్టారు. ఉలుగ్ ఖాన్ ముట్టడి వదిలేసి దేవగిరికి తిరుగుముఖం పట్టవలసి వచ్చింది. కత్తులు చేయలేని పని ఒక్క పుకారు చేసింది.

కాని ఆ ఊరట నిలవలేదు. 1323లో ఉలుగ్ ఖాన్ మళ్లీ వచ్చాడు. ఈసారి దారిలోని బీదరు, బోధన్ కోటలను ముందుగా చేజిక్కించుకొని, వెనుక దారి భద్రం చేసుకొని మరీ వచ్చాడు. నెలల తరబడి ముట్టడి సాగింది. చివరకు ఓరుగల్లు లొంగింది. ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్‌గా మారింది. కోట నడుమనున్న స్వయంభూ శివాలయం నేలమట్టమైంది. దాని నాలుగు దిక్కుల రాతి తోరణాలు మాత్రం నిలిచాయి. వాటికి దగ్గరలోని ఖుష్ మహల్ తుగ్లక్‌ల కాలపు కొలువుకూటమని చరిత్రకారులు చెబుతున్నారు.

బందీ అయిన రాజును ఢిల్లీకి నడిపించారు. ప్రతాపరుద్రుడు ఢిల్లీ చేరలేదు. దారిలో నర్మదా తీరంలో మరణించాడని ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం చెబుతున్నది. తన ఇష్టంతోనే ప్రాణం విడిచాడని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం తెలుపుతున్నది. పరాయి కొలువులో తలవంచి నిలబడడం కంటే చావే మేలని ఆ రాజు అనుకొన్నాడన్నమాట.

కొత్త మతం, కొత్త పేరు

రాజుతో పాటు బందీగా వెళ్లినవారిలో గన్నయ ఒకడు. ఫిరోజ్ షా తుగ్లక్ చరిత్ర వ్రాసిన షమ్సె సిరాజ్ అఫీఫ్ ఈ సంగతి కొంత వివరంగా చెప్పాడు. అఫీఫ్ కుటుంబం ఢిల్లీ దర్బారులో పనిచేసిన కుటుంబం. అతడు చెప్పిన ప్రకారం, రాజు దారిలో చనిపోయిన తరువాత గన్నయ మహమ్మద్ ఎదుటకు వచ్చి, కలిమా చదివి ఇస్లాం స్వీకరించాడు. మహమ్మద్ అతడికి మక్బూల్ అని పేరు పెట్టాడు. ఆమోదం పొందినవాడు అని ఆ మాటకు అర్థం.

ఇక్కడ ఒక్క మాట ఆలోచించుకోవాలి. అప్పటికి గన్నయ పసివాడు కాదు, దాదాపు 35 ఏండ్ల వయసువాడు. రాజు లేడు. కోట లేదు. తన పేర పురాణం వెలసిన ఊరు ఇప్పుడు శత్రువు చేతిలో ఉంది. అతడి ముందు ఉన్న దారులు మూడే. రాజు వెంట చావడం ఒకటి. తప్పించుకొని పోయి అడవులు పట్టి పోరాడడం ఒకటి. గెలిచినవారి మతంలో, వారి కొలువులో చేరి బతకడం మూడవది. మొదటి దారి ప్రతాపరుద్రునిది. రెండవ దారి ముసునూరి నాయకులది. గన్నయ మూడవ దారి పట్టాడు. అందులో భయం పాలు ఎంత, నమ్మకం పాలు ఎంత అని తూచడానికి త్రాసు లేదు. అయితే ఆ తరువాత 45 ఏండ్లు అతడు ముస్లిముగానే జీవించాడు, ముస్లిముగానే మరణించాడు. దేశమంతటా సుల్తాను మీద తిరుగుబాట్లు రేగిన రోజుల్లో కూడా పాత మతానికి, పాత పక్షానికి మళ్లలేదు.

మక్బూలుకు చదవడం, వ్రాయడం రాదని అఫీఫ్ చెప్పాడు. ఆ దర్బారులో చదువంటే పారసీ చదువే. భాష కొత్తది, లిపి కొత్తది, తిండి కొత్తది, చలి కొత్తది. అయినా అతడి బుద్ధి సూక్ష్మత చూసి దర్బారు ఆశ్చర్యపోయింది. మొదటి రోజుల్లో హుకుం మీద ముద్ర వేసేటప్పుడు తాను మహమ్మద్ తుగ్లక్ బానిసనని చేర్చి పేరు పెట్టుకొనేవాడట. మెల్లమెల్లగా సుల్తాను అతడికి కివాముల్ ముల్క్ అన్న బిరుదు ఇచ్చి, ఇప్పుడు పాకిస్తానులో ఉన్న ముల్తాను ప్రాంతం అప్పగించాడు. అక్కడికి దగ్గరలోనే సరిహద్దు. అటువంటి చోట కొత్తవాడిని పెట్టడం సుల్తానుకు అతడి మీద కుదిరిన గురికి గుర్తు.

మళ్లీ ఓరుగల్లులో

విధి విచిత్రం ఏమిటంటే, ఏ కోటకు తాను కాపుగా ఉన్నాడో ఆ కోటకే మక్బూల్ ఢిల్లీ ప్రతినిధిగా తిరిగి రావలసి వచ్చింది. 1335 ప్రాంతంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ మధుర సీమలో లేచిన తిరుగుబాటును అణచడానికి దక్షిణానికి బయలుదేరి ఓరుగల్లు చేరాడు. అక్కడ మహమ్మారి తగిలింది. ఎందరో సర్దారులు, సైనికులు చనిపోయారు. సుల్తాను కూడా జబ్బుపడ్డాడు. ఇక ముందుకు పోలేక, నాయబ్ వజీరుగా ఉన్న మక్బూలుకు తెలంగాణ దేశం అప్పగించి వెనుదిరిగాడు. ఈ సంగతి ఆ కాలపు చరిత్రకారుడు బరనీ వ్రాసి ఉంచాడు.

అప్పటికే తెలుగు నాయకులు ఏకమవుతున్నారు. ముసునూరి ప్రోలయ నాయకుడు తూర్పు తీరంలో ఢిల్లీ అధికారాన్ని తొలగించి, ఆగిపోయిన అగ్రహారాలను తిరిగి నిలిపాడు. అతడి తరువాత వచ్చిన కాపయ నాయకుడు 1336 ప్రాంతంలో ఓరుగల్లు మీదికి నడిచాడు. మక్బూల్ నిలవలేకపోయాడు. కోట వదిలి ప్రాణాలతో ఢిల్లీ చేరుకొన్నాడు.

కోట లోపల ఉన్నది ఒక తెలుగువాడు, కోట బయట నిలిచినదీ ఒక తెలుగువాడే. ఇద్దరూ ఒకే రాజు నాడు పెరిగినవారే. ఒకడు గెలిచి ఓరుగల్లు సింహాసనం ఎక్కాడు, ఇంకొకడు ఓడి ఉత్తరానికి పోయాడు. ఆ రోజు నుంచి తెలుగుదేశంలో గన్నయ పేరు వినిపించడం ఆగిపోయింది. గెలిచిన కాపయ కూడా ఆంధ్ర సురత్రాణుడు అన్న బిరుదు పెట్టుకొన్నాడు. సురత్రాణుడంటే సుల్తానే. పోరాడినవారి మీద కూడా కొత్త కాలం ముద్ర పడిందనడానికి ఆ బిరుదే సాక్ష్యం.

చేతిలోని కోట జారవిడిచి వచ్చినవాడిని సుల్తాను శిక్షించవచ్చు. మహమ్మద్ బిన్ తుగ్లక్ కోపం ఎటువంటిదో లోకానికి తెలుసు. కాని మక్బూల్ మీద అతడి నమ్మకం చెడలేదు. 1350లో సుల్తాను గుజరాతు దండయాత్రలో ఉండగా ఢిల్లీలోని పెద్ద అధికారి మరణించాడని కబురు వచ్చింది. రాజధాని చూసుకోవడానికి వజీరు ఖ్వాజా జహాన్‌తో పాటు మక్బూలును పంపించాడు.

సుల్తాను లేని రోజులు

1351 మార్చి 20న సింధులోని తట్టా దగ్గర మహమ్మద్ బిన్ తుగ్లక్ మరణించాడు. సేన దిక్కులేనిదైంది. శిబిరంలోని పెద్దలు సుల్తాను పినతండ్రి కొడుకైన ఫిరోజును గద్దె ఎక్కించారు. ఈ సంగతి తెలియని ముసలి వజీరు ఖ్వాజా జహాన్, ఫిరోజు ఏమైపోయాడో అన్న పుకార్లు నమ్మి, ఢిల్లీలో ఒక చిన్న పిల్లవాడిని సుల్తానుగా ప్రకటించాడు. రాజ్యానికి ఇద్దరు సుల్తానులయ్యారు.

మక్బూల్ అప్పుడు ఢిల్లీలో ఖ్వాజా జహాన్ పక్కనే ఉన్నాడు. ఎటు మొగ్గాలన్నది అతడి జీవితంలో వచ్చిన రెండవ పెద్ద ప్రశ్న. రహస్యంగా ఫిరోజుకు జాబులు పంపి, సమయం చూసుకొని కుటుంబంతో, సిబ్బందితో పట్నం దాటి పోయి దారిలోనే ఫిరోజును కలుసుకొన్నాడు. రాజధానిలోని ముఖ్యుడే వచ్చి చేరడంతో ఫిరోజు పక్షానికి బలం వచ్చింది. ఖ్వాజా జహాన్ ఆశ వదులుకొని లొంగిపోయాడు. ఎనభై ఏండ్లు దాటిన ఆ ముసలివాడిని ఫిరోజు క్షమించాలని చూసినా, సర్దారులు వినక దారిలో చంపించారు.

ఫిరోజ్ షా మక్బూలును వజీరును చేసి, ఖానే జహాన్ అన్న బిరుదు ఇచ్చాడు. లోకానికి ప్రభువని దాని అర్థం. ఓరుగల్లు నుంచి బందీగా వెళ్లిన 28 ఏండ్లకు ఒక తెలుగువాడు ఢిల్లీ రాజ్యంలో సుల్తాను తరువాతి స్థానంలో కూర్చున్నాడు.

వజీరు పని

వజీరంటే దర్బారులో కూర్చొని సలహాలు చెప్పేవాడు మాత్రమే కాదు. రాజ్యపు పన్నులు, ఖర్చులు, ఖజానా అన్నీ అతడి చేతి మీదుగా నడవాలి. అతడి కచేరీలో ఒక అధికారి వచ్చిన జమ చూసేవాడు, మరొక అధికారి అయిన ఖర్చు తనిఖీ చేసేవాడు. ఏ పరగణా నుంచి ఎంత రావాలి, ఎంత వచ్చింది, బాకీ ఎవరి దగ్గర ఆగింది అన్నది వజీరు రోజూ అడిగి తెలుసుకోవాలి. మన ఊళ్లలో జమాబందినాడు పటేలు పట్వారీలు లెక్కల దస్త్రాలు పట్టుకొని హాజరైన పద్ధతికి మూలాలు అటువంటి కచేరీలలోనే ఉన్నాయి. ఫిరోజ్ షా కాలంలో రాజ్యమంతటా తిరిగి పన్ను కట్టడి చేయడానికి ఆరేండ్లు పట్టింది. ఏడాదికి ఆరున్నర కోట్ల టంకాలకు పైబడి రాబడి తేలింది. టంకా అంటే తులానికి కాస్త తక్కువ తూగే వెండి నాణెం.

ఆ లెక్కలన్నిటికీ పెద్ద చదువు రానివాడు. ఎవరైనా వచ్చి తప్పుడు లెక్క చెబితే కాగితం చూసి పట్టుకొనే వీలు అతడికి లేదు. మనిషిని చూసి, మాట విని, జ్ఞాపకం మీద పట్టుకోవలసిందే. అటువంటివాడి చేతిలో 18 ఏండ్ల పాటు ఖజానా సక్రమంగా నడిచింది. ఢిల్లీకి అసలు సుల్తాను ఖానే జహానేనని ఫిరోజ్ షాయే ఒప్పుకొనేవాడని అఫీఫ్ వ్రాశాడు.

ఆ కాలపు పెద్దల భోగాలు కూడా ఖానే జహాన్‌కు తక్కువ లేవు. అతడి జీతం ఏడాదికి 13 లక్షల టంకాలు, లేదా అంత రాబడి వచ్చే జాగీరులు. జనానాలో రూము దేశం మొదలు చీనా దేశం వరకు తెచ్చిన రెండువేల మంది స్త్రీలు ఉండేవారని అఫీఫ్ చెబుతాడు. పుట్టిన ప్రతి కొడుకుకు 11 వేల టంకాల భత్యం సుల్తాను మంజూరు చేశాడు. ఈ సొమ్మంతా దున్నే రైతు చెమటలోంచి వచ్చిందేనన్నది మరవకూడదు.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఫిరోజ్ షా మతం విషయంలో పట్టుదల గలవాడు. అంతవరకు మినహాయింపు ఉన్న బ్రాహ్మణుల మీద కూడా జిజియా పన్ను వేశాడు. 1360-61లో జాజ్‌నగరం, అంటే ఒరిస్సా, మీదికి పోయి పూరీ జగన్నాథాలయాన్ని దెబ్బతీశాడు. ఆ సమయంలో ఢిల్లీలో రాజ్యభారం మోస్తున్నవాడు, ఒకనాడు మార్కండేయ పురాణం అంకితం పొందిన గన్నయ.

లెక్కల తగవు

ఖానే జహాన్ గుణం తెలియాలంటే ఐనుల్ ముల్క్‌తో వచ్చిన తగవు వినాలి. ఐనుల్ ముల్క్ మాహ్రూ మంచి పండితుడు, కలం పట్టినవాడు. వజీరు కచేరీలోనే లెక్కలు చూసే పెద్ద అధికారి. ఒకరు చదువురాని వజీరు, ఇంకొకరు చదువులో దిట్ట. అధికారాలు ఎవరివి ఎంతవరకు అన్న చోట ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. చివరకు ఇద్దరూ ఒక కచేరీలో ఇమడలేని స్థితి వచ్చింది. సుల్తాను ఐనుల్ ముల్కును ముల్తానుకు బదిలీ చేసి, ఆ ప్రాంతపు లెక్కలు వజీరుకు కాక నేరుగా తనకే పంపే ఏర్పాటు చేశాడు.

ఇదే అదనుగా ఖానే జహాన్ అంటే గిట్టని సర్దారులు కొందరు అతడిని దించాలని సుల్తాను చెవిలో వేశారు. ఐనుల్ ముల్క్ కూడా తమతో కలుస్తాడని వారి లెక్క. సుల్తాను అతడి అభిప్రాయం అడిగాడు. ఐనుల్ ముల్క్ తన పగ పక్కన పెట్టి, అంతటి సమర్థుడిని పోగొట్టుకొంటే రాజ్యమే చెడుతుందని నిక్కచ్చిగా చెప్పాడు. కుట్ర అక్కడితో ముగిసింది. పగవాళ్లిద్దరూ కౌగిలించుకొన్నారు. ఊళ్లో గట్టు తగాదా వచ్చినా పంచాయతీలో నిజం చెప్పే పెద్దమనిషి ఎలా ఉండాలో ఐనుల్ ముల్క్ చూపించాడు. శత్రువు చేత కూడా పనిమంతుడని అనిపించుకొన్నాడు ఖానే జహాన్.

పుకారు అణచిన ఫర్మానా

ఫిరోజ్ షా దండయాత్రలకు పోతే నెలలు, ఏండ్లు గడిచేవి. 1353లో ఒకసారి, 1359లో మరోసారి బెంగాలు మీదికి పోయాడు. ఆ తరువాత నగర్‌కోట, చివరగా తట్టా. ప్రతిసారీ రాజధాని ఖానే జహాన్‌కే అప్పగింత.

తట్టా యాత్రలో మొదటిసారి సేనకు తిండి కరువై, గుర్రాలు తెగులుతో చచ్చాయి. గుజరాతుకు మళ్లుతూ దారి తప్పి కచ్ ఉప్పు బీళ్లలో పడ్డారు. తాగడానికి మంచినీళ్లు లేవు. ఆరు నెలల పాటు సుల్తాను బతికి ఉన్నాడో లేదో ఢిల్లీకి తెలియలేదు. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆ ఇంటి నుంచి, ఈ ఇంటి నుంచి ఏడుపులు. గద్దె మీద ఆశ ఉన్నవారికి అంతకంటే మంచి సమయం దొరకదు.

ఖానే జహాన్ ఏం చేశాడంటే, సుల్తాను క్షేమంగా ఉన్నాడని ఫర్మానా వచ్చినట్టు తానే ఒకటి సృష్టించాడు. దానిని చదివించి, నగారాలు మోగించి, పండుగ చేయించాడు. రోజూ గుర్రమెక్కి పట్నమంతా తిరిగి కనిపించేవాడు. జనం కుదుటపడ్డారు. పుకారు ఒక సేనను ఎలా చెల్లాచెదరు చేస్తుందో 1321లో ఓరుగల్లు గోడల కింద తేలిపోయింది. నలభై ఏండ్లు దాటిన తరువాత ఆ ఓరుగల్లు మనిషే ఢిల్లీలో పుకారు నోరు మూయించాడు.

అంతటితో ఆగలేదు. సుల్తాను తిరిగి తట్టా మీదికి పోయినప్పుడు అదనపు సేన కావాలని ఇమాదుల్ ముల్కును ఢిల్లీ పంపాడు. బదాయూను, కనౌజు, అవధ్, జౌన్‌పూర్, బీహారు, తిర్హుత్ వరకు మనుషులను పంపి సేనలను కూడగట్టి సింధుకు నడిపించినవాడు ఖానే జహానే. ఆ సేన వచ్చాకే తట్టా లొంగింది. సుల్తాను తిరిగి వస్తున్నాడని తెలిసి, ముసలి వజీరు పంజాబులోని దీపాల్‌పూర్ వరకు ఎదురేగి స్వాగతం చెప్పాడు. గద్దె ఖాళీగా ఉన్న ఇంతకాలంలో దానిమీద చేయి వేయాలన్న ఆలోచన అతడికి రాలేదు. కోటను కాపాడి యజమానికి అప్పగించడమే కటకపాలకుని ధర్మం. ఓరుగల్లులో నేర్చిన పనినే ఢిల్లీలో చేశాడని అనుకోవాలి.

కొడుకు కాలం

1368-69లో, ఎనభై ఏండ్లు పైబడిన వయసులో ఖానే జహాన్ మక్బూల్ కన్నుమూశాడు. ఢిల్లీ అంతా దుఃఖించింది. సుల్తాను కంటతడి పెట్టాడు. సరిగ్గా ఆ కాలంలోనే, 1368 ప్రాంతంలో, ఓరుగల్లు దగ్గరి భీమవరం యుద్ధంలో కాపయ నాయకుడు మరణించాడు. అతడిని చంపినవారు ఢిల్లీవారు కాదు, బహమనీలు కాదు. రాచకొండ, దేవరకొండ నేలిన రేచెర్ల పద్మనాయకులు. అంటే మన నల్లగొండ సీమ వారే. ఒకనాడు కోటకు అటూ ఇటూ నిలిచిన ఇద్దరు తెలుగు నాయకుల జీవితాలు రమారమి ఒకేసారి ముగిశాయి.

మక్బూలు కొడుకు జూనా షాను ఫిరోజు తండ్రి స్థానంలోనే వజీరును చేసి, ఖానే జహాన్ బిరుదు కూడా ఇచ్చాడు. అతడు ఇంచుమించు 20 ఏండ్లు ఆ పదవిలో ఉన్నాడు. నిజాముద్దీన్‌లోని కాలీ మసీదు 1370-71లో, తుర్క్‌మన్ దర్వాజా దగ్గరి కలాన్ మసీదు 1387లో అతడు కట్టించినవే. ఖిర్కీ మసీదు కూడా అతడిదేనని చెబుతారు. 1379లో మౌలానా దావూద్ అవధీ భాషలో చాందాయన్ అన్న ప్రేమకథా కావ్యం వ్రాసి, అందులో జూనా షాను కీర్తించాడు. హిందీ సాహిత్యంలో సూఫీ ప్రేమకావ్యాలకు అదే మొదలు. తండ్రి పేర తెలుగులో పురాణం, కొడుకు పేర అవధీలో ప్రేమకావ్యం. రెండు భాషల కవులు కొలిచిన వంశం అది.

అయితే జూనా షాకు తండ్రికి ఉన్న నిదానం లేదు. యువరాజుతో వైరం పెట్టుకొని, 1387లో పదవి పోగొట్టుకొని మేవాతుకు పారిపోయాడు. ఆశ్రయం ఇచ్చినవాడే పట్టి ఇవ్వగా చంపబడ్డాడు. ఎన్ని గండాలు వచ్చినా తండ్రి ఎటు నిలవాలో తెలిసి నిలిచాడు. కొడుకు ఒక్క గండంలోనే పోయాడు.

తిలంగానీ సమాధి

ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియా దర్గా దగ్గర, కాలీ మసీదుకు చేరువలో ఖానే జహాన్ సమాధి ఉంది. ఎనిమిది మూలల కట్టడం, చుట్టూ వరండా, ఒక్కొక్క వైపు మూడేసి కమానులు, మీద గుమ్మటం. ఢిల్లీలో ఎనిమిది పలకలుగా కట్టిన మొదటి సమాధి ఇదే. తరువాత సయ్యదు, లోడీ సుల్తానుల సమాధులకు, బీహారులోని సాసారాంలో షేర్ షా సమాధికి ఈ పద్ధతే ఒరవడి అయింది. గొప్ప గొప్ప సుల్తానులు తమ గోరీలకు ఒక తెలుగువాడి గోరీని నమూనాగా పెట్టుకొన్నారన్నమాట. ఆ గల్లీలో ఇండ్లు పెరిగి, సమాధి చాలాకాలం కాపురాల నడుమ చిక్కుకొని పోయింది. హైదరాబాదు నుంచి వెళ్లే దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ వంటి రైళ్లు చేరే హజ్రత్ నిజాముద్దీన్ స్టేషనుకు అది ఎంతో దూరం కాదు. రైలు దిగే మనవాళ్లలో ఆ సంగతి తెలిసినవారు తక్కువ.

గన్నమ నాయకుడు పేరు మార్చుకొన్నాడు, మతం మార్చుకొన్నాడు, కొలువు మార్చుకొన్నాడు. కాని ఒక్కటి మాత్రం అతడిని వదలలేదు. ఢిల్లీ చరిత్రకారులు అతడిని చివరిదాకా తిలంగానీ అనే పిలిచారు. తెలంగాణవాడని దాని అర్థం. పుట్టిన నేల అతడి పేరును మరచిపోయింది. అతడి పేరు మాత్రం పుట్టిన నేలను మోసుకొనే నిలిచింది.

అతడిని ద్రోహి అనడం సులభం, మహానుభావుడు అనడం కూడా సులభమే. రాజ్యం కూలినప్పుడు మనిషి నిలబడే చోటు ఎంత ఇరుకో తెలిస్తే రెండు మాటలూ తొందరగా నోట రావు. జాన్‌పహాడ్ సైదులు ఉర్సుకు హిందువులూ ముస్లిములూ కలిసి పోయే మన ప్రాంతంలో, ఆ కలయికకు ముందు ఎంత నలుగులాట, ఎంత నష్టం, ఎంత సర్దుబాటు జరిగాయో గన్నయ కథ చెబుతుంది. ఓరుగల్లు తోరణాలు చూసేవారు ప్రతాపరుద్రుని తలచుకొంటారు, కాపయను తలచుకొంటారు. ఆ కోట గోడల మీద ఒకనాడు కాపు కాసిన మూడవ మనిషిని కూడా తలచుకొంటే ఆ కథ నిండుతుంది.